కొత్త డిస్కులో తమ్ముడి గొంతు

“నేను చేసింది పెద్ద గొప్పేమీ కాదండీ. మా తమ్ముడి కంప్యూటర్‌లో హార్డ్ డిస్కు పాడైపోతే దాని బదులు కొత్తది బిగించాను. నాలుగు స్క్రూలు, రెండు వైర్లు, ఎవరైనా బిగిస్తారు. కాకపోతే ఆ పాత డిస్కులో ఉన్నది మా తమ్ముడి గొంతు. తేడా అక్కడే ఉంది.”

అలా మొదలుపెట్టాడు టీవీ డాక్టరు.

ఆసుపత్రి వెనకవైపు, ల్యాబుకీ స్కూటర్లు పెట్టే షెడ్డుకీ మధ్య, రేకుల కింద ఒక చిన్న క్యాంటీన్ ఉంది. మధ్యాహ్నం వార్డులు కడిగేటప్పుడు రోగుల తాలూకు వాళ్ళందరినీ బయటికి పంపించేస్తారు. మళ్ళీ గంట కొట్టేదాకా ఎటు పోవాలో తెలీక అందరం అక్కడే చేరతాం. టీ కోసం కాదు, కూర్చోవడానికి బెంచీలున్నాయని. నేను మా మావయ్యకి తోడుగా వచ్చి ఉన్నాను. నా పక్కన అంబులెన్స్ డ్రైవరు, కాళ్ళు బారజాపుకుని. ఎదురు బెంచీ మీద, ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని ఒకావిడ. వాళ్ళాయన ఇళ్ళకి రంగులు వేస్తాడు. వార్డులో మా మావయ్యది ఒక మంచం, పక్కది ఆయనది. గొంతులో పుండు ముదిరిపోయిందని, స్వరపేటిక మొత్తం తీసేయాలని, మర్నాడు పొద్దున్నే ఆపరేషనని చెప్పారు. ఆ తర్వాత ప్రాణం ఉంటుంది గానీ మాట ఉండదు. ఆవిడ టీ తెచ్చుకుంది గానీ తాగలేదు. మీగడ కట్టి, గ్లాసు అలాగే ఉంది.

టీవీ డాక్టరన్నది ఆయన కొట్టు పేరు. టీవీలు, మిక్సీలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తాడు. తమ్ముణ్ణి చెకప్‌కి తీసుకొచ్చాడు. తమ్ముడు లోపల డాక్టరు గది ముందు లైన్లో ఉన్నాడు. ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకోవడం చూసి, ఏమైందమ్మా అని అడిగాడు. ఆవిడ చెప్పింది. తర్వాత బెంచీ కొంచెం ముందుకి జరుపుకుని, ఇదిగో ఈ కథ ఎత్తుకున్నాడు.

“మా తమ్ముడు బస్టాండులో అనౌన్సరమ్మా. వాడు మైకు పట్టుకుని ఫలానా బస్సు కదులుతోంది అన్నాడంటే, ఎక్కాల్సినవాళ్ళే కాదు, ఎవర్నో దింపడానికి వచ్చినవాళ్ళు కూడా లేచి పరిగెత్తేవాళ్ళు. అలాంటి గొంతు. దాంట్లోనే వచ్చింది జబ్బు. మీ ఆయనకి చెప్పినట్టే వాడికీ చెప్పారు, ఇదే ఆసుపత్రిలో, ఆ మేడ మీదే. అయితే ఇక్కడ మాటలు నేర్పే మేడమ్ ఒకావిడ ఉందే, ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. గొంతు ఉన్నన్నాళ్ళూ రోజూ వాడే మాటలన్నీ కంప్యూటర్‌లోకి చెప్పి దాచుకో, తర్వాత మీట నొక్కితే నీ గొంతుతోనే అది పలుకుతుంది అని.”

ఆవిడ తలెత్తింది. సిస్టర్ తనకీ ఆ మాటే చెప్పిందని, ఫోన్‌లోనైనా రికార్డు చేసుకోమందని, వాళ్ళాయనే వినడం లేదని మెల్లగా అంది. అడిగితే గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడట.

“మావాడు వేరు. మా కొట్టు వెనక గదిలో కూర్చోబెట్టాను. రోడ్డు మీద హారన్లు వినబడకుండా తలుపుకి పరుపు అడ్డం పెట్టాను. ముందు అన్నం, నీళ్ళు, నొప్పి, వద్దు, సరే. తర్వాత ఇంట్లోవాళ్ళ పేర్లు. తర్వాత అలవాటు కొద్దీ బస్సులన్నీ. ఆఖర్న మా మరదల్ని తిట్టే తిట్లు. అవి ఎందుకురా అంటే, అవి లేకుండా ఆవిడతో కాపురం ఎలా చేస్తానన్నయ్యా అన్నాడు.”

అంబులెన్స్ డ్రైవరు నవ్వాడు. ఆవిడ పెదాలు కూడా కొంచెం కదిలాయి. అది టీవీ డాక్టరు చూశాడు. నేనూ చూశాను.

“ఆపరేషనై ఇంటికొచ్చాక మొట్టమొదట నొక్కింది ‘అన్నయ్యా, ఆకలేస్తోంది’ అని. వాడి గొంతేనమ్మా, అచ్చం. మా మరదలు వంటింట్లోంచి గరిటె పట్టుకునే పరిగెత్తుకొచ్చింది. వచ్చి వాడి మొహం చూడాలో ఆ పెట్టెని చూడాలో తెలీక మధ్యలో నిలబడిపోయింది.”

ఆ ముక్క చెప్పేటప్పుడు ఆయన చేతులు తిప్పలేదు, గొంతు పెంచలేదు. తర్వాత గ్లాసు పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలెట్టింది. మెషీన్ నెమ్మదైపోయింది. ఎంత నెమ్మదంటే, మావాడు మధ్యాహ్నం అన్నం కావాలని నొక్కితే రాత్రి మేం చేతులు కడుక్కుంటుంటే అన్నం పెట్టమని అడిగేది. పొద్దున పెళ్ళాం మీద కోపంతో నొక్కిన తిట్టు సాయంత్రం చుట్టాలొచ్చినప్పుడు వాళ్ళకి తగిలేది. కంప్యూటర్ల షాపుకి తీసుకెళ్తే, ఇక్కడ వదిలేసి వెళ్ళండి, ముందు లోపలున్నది జాగ్రత్తగా ఇంకో దాంట్లోకి తీసుకుని అప్పుడు కొత్తది వేస్తాం అన్నారు. నా తమ్ముడి గొంతు ఎవడి బల్ల మీదో వదిలేసి రావడమా? నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉండగా? కొత్త డిస్కు ఒకటి కొనేసి ఇంటికొచ్చేశాను. పాతది ఎంతో ఇదీ అంతే, అదే సైజు, అదే కంపెనీ.”

కంప్యూటర్లు బాగుచేయడం ముందే వచ్చా అని అడిగాను నేను. టీవీకీ దానికీ తేడా ఏముంది, టీవీకి కీబోర్డు ఉండదు, అంతే కదా అన్నాడు.

“మూత విప్పాను. కొత్త డిస్కు బిగించాను. పాతదాన్ని కూడా పక్కనే ఉంచాను, పనైపోయాక దీంట్లోంచి దాంట్లోకి గొంతు పోసేసుకోవచ్చని. ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన పెన్ డ్రైవ్ గుచ్చి స్విచ్ వేశాను. లోపల మీవాళ్ళకి ఆపరేషన్, నా దగ్గర ఆపరేటింగ్ సిస్టం, రెండిటికీ మత్తు తప్పదు. అది ఏమందో తెలుసా? అసలు కొత్త డిస్కే కనబడటం లేదంది. నా చేత్తో నేను పెట్టిన డిస్కు, నాకు కనబడుతోంది, దానికి కనబడదట. వైరు మార్చాను. కనబడలేదు. రంధ్రం మార్చాను. కనబడలేదు. వైరు కొస నాలికతో తడిపి మళ్ళీ పెట్టాను, అప్పుడు కనబడింది.”

“కరెంటు వైరా?” అన్నాడు అంబులెన్స్ డ్రైవరు.

“కరెంటు నన్నేం చేయదు, అలవాటైన ఒళ్ళు. కనబడ్డాక ఏమందంటే, ఈ డిస్కులో వేయడం కుదరదంది. ఎందుకు కుదరదు? దాని పద్ధతి వేరు, నా పద్ధతి వేరట. లోపలికెళ్ళి సెట్టింగులు మార్చాను. మార్చిన ప్రతిసారీ మొదట్నుంచి మొదలు. భాష ఏది, దేశం ఏది, గడియారం ఎంత. అదే అడగడం, అదే చెప్పడం. చివరికి విసుగొచ్చి అది అడక్కముందే నేను చెప్పడం మొదలెట్టాను. దానికి సిగ్గేసి, సరే ఎక్కడ వేయాలో చూపించమని జాబితా ఇచ్చింది. రెండు డిస్కులూ కనబడ్డాయి, ఒకదాని కింద ఒకటి. పేర్లూ ఒకటే, సైజులూ ఒకటే. ఏది చెరిపేయాలో చెప్పమంది.”

“ఎలా తెలిసింది ఏది కొత్తదో?” అన్నాను.

“నా చేతికి తెలుసు. ఇన్నేళ్ళ చెయ్యి ఇది,” అన్నాడు. అని, క్యాంటీన్ ఆయన్ని ఇంకో టీ అడిగాడు. వచ్చాక ఊదుకోకుండానే ఒక గుక్క తాగి, నాలిక కాలినట్టుంది, గబగబా అందుకున్నాడు.

“ఇక గీత నిండటం మొదలైంది. పది శాతం, ఇరవై శాతం. సగంలో ఆగింది. నేను కుర్చీ వేసుకుని దాని ఎదురుగా కూర్చున్నాను. అది నన్ను చూస్తోంది, నేను దాన్ని చూస్తున్నాను. రెప్ప వేస్తే వెనక్కి పోతోందండీ ఆ అంకె. నిజంగా. ఒకసారి తుమ్మొచ్చి కళ్ళు మూశాను, తెరిచేసరికి ఏడు తగ్గింది. అప్పట్నుంచి మా మరదలు నా కళ్ళల్లో నీళ్ళు చిలకరిస్తూ ఉంది, నేను రెప్ప వేయకుండా దాన్ని ముందుకి తోశాను. కళ్ళతోనే. తొంభై తొమ్మిది దాకా తెచ్చాను. అది నిండింది, మెషీన్ ఆరి వెలిగింది, హమ్మయ్య అనుకుని చూస్తే మళ్ళీ భాష ఏది, దేశం ఏది.”

అంబులెన్స్ డ్రైవరు పెన్ డ్రైవ్ తీయడం మర్చిపోయి ఉంటారన్నాడు. వాళ్ళ ఆఫీసులోనూ ఒకసారి అలాగే అయిందట. అది గుచ్చి ఉన్నంతసేపూ మెషీన్ మళ్ళీ దాంట్లోంచే మొదలవుతుందట.

“ఆ సంగతి నాకు తెలీదనుకున్నారా? తీద్దామని ముట్టుకుంటే చెయ్యి కాలింది. అంత వేడెక్కింది అది. అందుకని దాని మీద గిన్నె పెట్టి ముందు టీ కాచుకున్నాం. టీ తాగాక చల్లారింది, అప్పుడు తీశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కరెంటు పోయింది.”

ఈసారి నవ్వులు కొంచెం గట్టిగానే వినబడ్డాయి. వెనక బెంచీ మీద కూర్చున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. ఆసుపత్రిలో నవ్వు విని ఎన్నాళ్ళయిందో అన్నట్టు, ఒక ముసలాయన బీడీ ఆర్పేసి దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“మధ్యలో కరెంటు పోతే ఏమవుతుంది? మొత్తం పోతుంది. నేను పోనిస్తానా? నా స్కూటర్ బ్యాటరీ పీకి పెట్టాను. అది అయిపోతోంది. పక్కింటాయన కారు బ్యాటరీ తెచ్చాడు. అదీ తాగేసింది. ఇక వీధి వీధంతా కదిలిందండీ, టార్చిలైట్లలో బ్యాటరీలు, గోడగడియారాల్లో బ్యాటరీలు, పిల్లల బొమ్మల్లో బ్యాటరీలు, ఎదురింటి ముసలావిడ చెవి మెషీన్లో గింజంత బ్యాటరీ కూడా తీసిచ్చింది, నాకెలాగూ ఎవరూ మంచిమాట చెప్పడం లేదు బాబూ, పెట్టుకో అని. అన్నీ వరసగా కలిపాను, మా ఇంటి నుంచి వీధి చివరిదాకా. ఆ రోజు మా వీధిలో ఒక్క గడియారం నడవలేదు. టైమెంతో ఎవరికీ తెలీదు. అందుకే ఎంతసేపు పట్టిందంటే నేను చెప్పలేను.”

“ఎక్కిందా ఆఖరికి?” అంది ఆవిడ.

నవ్వులన్నీ ఆగిపోయాయి. మేమంతా సరదాకి వింటున్నాం. ఆవిడ ఒక్కతే నిజంగా వింటోంది. ఫ్లాస్కు మూత తిప్పుతూ, తీస్తూ, మళ్ళీ బిగిస్తూ, ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింటోంది.

టీవీ డాక్టరు ఆవిడ వంక చూశాడు. ఆగాల్సిన చోటు అదే. ఆగుంటే బాగుండేది. కానీ ఆ చూపు చూశాక ఆయన ఆగలేకపోయాడని నాకనిపించింది. ఉన్నదున్నట్టు చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు.

“ఎక్కకపోవడమేమిటమ్మా. ఎక్కింది. కొత్త సిస్టం, కొత్త డిస్కు, అద్దంలా ఉంది. పాతదాంట్లోంచి మావాడి గొంతు దాంట్లోకి పోశాను. పోసి చూస్తే, ముందున్నదానికంటే బావుంది. అప్పట్లో జబ్బు మనిషి కదా, మధ్యమధ్యలో దగ్గు ఉండేది. ఆ దగ్గు పోయింది. జీర పోయింది. ఇరవయ్యేళ్ళప్పటి గొంతు వచ్చింది మావాడికి. మా అమ్మ ఉంటే, ఇది వాడు పెళ్ళికి ముందు పాడిన గొంతురా అనేది.”

“అవునా,” అంది ఆవిడ.

“అంతటితో అయిపోయిందా? ముందు నొక్కితేనే మాట్లాడేది. ఇప్పుడు నొక్కక్కర్లేదు. వాడు వీధిలోంచి వస్తుంటేనే, కాళ్ళు నొప్పిగా ఉన్నాయి, నీళ్ళు కాచు అని ఇంట్లో పెట్టె చెప్పేస్తుంది. వాడి మనసులో ఏముందో దానికి తెలుసు. ఒకసారి మా మరదలితో గొడవపడి వాడు అలిగి బయటికి పోతే, ఆ పెట్టే ఆవిడకి సారీ చెప్పి ఇద్దర్నీ కలిపేసింది. వాడింటికొచ్చేసరికి ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది, వీడికి ఎందుకో అర్థం కాలేదు. బస్టాండు వాళ్ళు బతిమాలి తీసుకెళ్ళారు. మైకు ముందు పెట్టారు. ఆ గొంతు విని ఎప్పుడో షెడ్డులో మూలపడ్డ బస్సులు, టైర్లు లేనివి, ఇంజన్లు లేనివి, అవి కూడా ప్లాట్‌ఫాం మీదకొచ్చి నిలబడ్డాయండీ. ఊరి బయటికెళ్ళిపోయిన బస్సులు, ఏదో మర్చిపోయామనుకుని వెనక్కొచ్చేశాయి.”

ఎవరూ నవ్వలేదు. బీడీ ముసలాయన మెల్లగా వెళ్ళిపోయి తన బెంచీ మీద కూర్చున్నాడు. బస్సుల సంగతి ఆవిడ నమ్మలేదని మాకు తెలుస్తూనే ఉంది. గొంతు సంగతి మాత్రం నమ్మేసింది.

వాళ్ళాయన అసలే తక్కువ మాట్లాడతాడని చెప్పింది ఆవిడ. పొద్దున నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళి, చీకటిపడ్డాక ఒంటినిండా రంగులతో వచ్చి, అన్నం తిని పడుకునే మనిషట. పెళ్ళయినప్పట్నుంచీ ఆయన మాట్లాడింది మొత్తం పోగేసినా ఒక పూటకి సరిపోదట. ఇప్పుడు ఫోన్ మొహం ముందు పెట్టి మాట్లాడండి మాట్లాడండి అంటుంటే, చావబోయేవాడి దగ్గర మాటలు ఏరుకుంటున్నట్టు ఉందే, నన్ను విసిగించకు అన్నాడట. ఆ మాట విన్నాక మళ్ళీ అడగడానికి తనకి ప్రాణం ఒప్పలేదంది.

టీవీ డాక్టరు ముందుకి వంగాడు.

“అడక్కమ్మా. ఎందుకు విసిగించడం? ఆయన్ని ప్రశాంతంగా పడుకోనివ్వు. మా తమ్ముడప్పుడు ముందే చెప్పి దాచుకోవాల్సొచ్చింది, అది పాత పద్ధతి. ఇప్పుడు నా దగ్గరున్న మెషీన్‌కి అదేం అక్కర్లేదు. ఆయన ఊపిరి చాలు. ఆపరేషనయ్యాక నాలుగు రోజులాగి తీసుకురా. ఊపిరి తీసే తీరు చూసి గొంతు ఎలా ఉండేదో అదే కట్టుకుంటుంది. నేను చేసిస్తాను. నాది పూచీ.”

“ముందుగా ఏమీ రికార్డు చేయకపోయినా?”

“ఏమీ అక్కర్లేదు.”

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. అయితే ఇవాళ ఆయన్ని ఏమీ అడక్కర్లేదన్నమాట అని తనలో తను అనుకున్నట్టు అంది. పొద్దుట్నుంచీ మొదటిసారి టీ గ్లాసు చేతిలోకి తీసుకుంది.

అప్పుడు చూశాను వెనక నిలబడ్డ మనిషిని. ల్యాబు మెట్లు దిగి ఎప్పుడు వచ్చాడో, ఎంతసేపట్నుంచి వింటున్నాడో తెలీదు. పొడుగ్గా ఉన్నాడు. మెడకి తెల్లటి గుడ్డ కట్టుకున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా ఆ గుడ్డ లోపలికీ బయటికీ కదులుతోంది. మొహం చూస్తే అన్నదమ్ములని ఇట్టే తెలిసిపోతుంది. ఆయన చేతిలో ఫోన్ ఉంది. నిలబడే ఏదో టైప్ చేస్తున్నాడు. వేళ్ళు చాలా త్వరగా కదులుతున్నాయి.

ఫోన్ మాట్లాడింది. ఆడపిల్ల గొంతు. రైలు స్టేషన్లోనూ బ్యాంకు ఫోన్లోనూ వినబడే రకం, కోపమూ లేదు, బాధా లేదు.

“అక్కా. మా అన్నయ్య చెప్పింది నిజం కాదు.”

టీవీ డాక్టరు వెనక్కి తిరగలేదు. వాడు ఊరికే హాస్యమాడుతున్నాడమ్మా అని మొదలుపెట్టాడు గానీ మాట పూర్తి చేయలేదు. తమ్ముడు ఇంకా టైప్ చేస్తున్నాడు. మేమంతా ఆ వేళ్ళ వంకే చూస్తూ కూర్చున్నాం.

“కొత్తదనుకుని పాత డిస్కుని చెరిపేశాడు. కొత్త సిస్టం దాని మీదే ఎక్కించాడు. నా మాటలన్నీ దాని కింద పోయాయి. షాపులన్నీ తిరిగాం. ఎవరూ తీయలేకపోయారు. ఇప్పుడు నాకున్నది ఈ అమ్మాయి గొంతే.”

ఆవిడ చేతిలో గ్లాసు అలాగే ఉంది. టీవీ డాక్టర్ని చూసింది, తమ్ముణ్ణి చూసింది, మళ్ళీ టీవీ డాక్టర్ని చూసింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టలేదు. నాకెందుకలా చెప్పారు అని కూడా అడగలేదు. అడిగితే ఆయన ఏం చెప్పేవాడో నాకు తెలీదు.

ఫోన్ మళ్ళీ మాట్లాడింది. తమ్ముడు ఈసారి కొంచెమే టైప్ చేశాడు.

“మీకింకా ఇవాళ సాయంత్రం ఉంది. ఆయన తిట్టినా సరే, మాట్లాడించండి. రెండు చోట్ల దాచండి.”

వార్డు గంట ఇంకా కొట్టలేదు. ఆవిడ లేచింది. ఫ్లాస్కు బెంచీ మీదే వదిలేసి, గేటు దగ్గర ఆపిన వాచ్‌మన్‌కి ఏదో చెప్పి, ఆయన చెయ్యి పక్కకి తోసి లోపలికి వెళ్ళిపోయింది.

క్యాంటీన్లో ఎవరి గ్లాసు వాళ్ళు చూసుకుంటున్నారు. అంబులెన్స్ డ్రైవరు తాళాలు జేబులో వేసుకుని, పిలుస్తున్నారంటూ వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు. తమ్ముడు వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత జాగా ఉంది. టీవీ డాక్టరు తన అరచేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని వాటి వంక చూస్తూ ఉండిపోయాడు. వేళ్ళ చివర్లు వైర్లకి సోల్డరింగ్ చేసేటప్పుడు పడ్డ వాతలతో నల్లగా గట్టిపడి ఉన్నాయి. తమ్ముడు ఆయన ముందున్న టీ తీసుకుని ఒక గుక్క తాగి, మళ్ళీ అక్కడే పెట్టాడు. చాలాసేపటికి టీవీ డాక్టరు లేచి, ఆవిడ మర్చిపోయిన ఫ్లాస్కు తీసుకున్నాడు. నేనూ వాళ్ళ వెంట నడిచాను. అప్పటికి గంట కొట్టారు.

వార్డు గుమ్మం దగ్గర ఆవిడకి ఫ్లాస్కు అందించి, ఆవిడ మొహం చూడకుండా నేల వంక చూస్తూ చెప్పాడు.

“ఫోన్ విమానం గుర్తు మీద పెట్టమ్మా. మధ్యలో కాల్ వస్తే ఆగిపోతుంది. నోటికి మరీ దగ్గర పెట్టొద్దు, జానెడు దూరం. అయిపోయాక ఆ గుర్తు తీసేసి వెంటనే ఇంకో ఫోన్‌కి పంపు.”

ఆవిడ తలూపింది. ఇంకో ఫోన్ లేదని నేను గ్రహించి నా నెంబరు ఇచ్చాను.

నేను వెళ్ళి మా మావయ్య మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. పక్క మంచం మీద రంగులాయన గోడకి తిరిగి పడుకుని ఉన్నాడు. ఆవిడ మంచం అటువైపు తిరిగి, గోడకీ మంచానికీ మధ్య ఉన్న సందులో ఇరుక్కుని కూర్చుంది, ఆయన కళ్ళు తెరిస్తే తనే కనబడేలా. ఏమీ బతిమాలలేదు. ఫోన్ పట్టుకుని ఊరికే కూర్చుంది.

“ఏం మాట్లాడమంటావు?” అన్నాడు ఆయన ఆఖరికి. గొంతు బొంగురుగా, గరుకు కాగితం రుద్దినట్టుంది.

ఏదైనా సరే అంది. ఆయన మళ్ళీ గోడ వంక చూశాడు. చూసి చూసి, “ఈ గోడకి ఎవడు వేశాడో గానీ,” అన్నాడు, “పాత రంగు గీకకుండానే వేసేశాడు. అందుకే చూడు, పొక్కులు వచ్చాయి.” వేలితో ఒక పొక్కు నొక్కి చూపించాడు. అక్కణ్ణుంచి మెల్లగా మాట వచ్చింది ఆయనకి. ముందు ఎంత గీకాలో, పుట్టీ ఎంత పలచగా పట్టించాలో, అది ఆరకముందే తొందరపడితే ఏమవుతుందో, తడి గోడకి రంగు వేయమని ఇంటివాళ్ళు ఎలా గొడవపెడతారో. మధ్యలో నొప్పికి ఆగుతున్నాడు, నీళ్ళు తాగుతున్నాడు, మళ్ళీ అందుకుంటున్నాడు. మా మావయ్య కూడా మూలగడం ఆపి వింటున్నాడు. ఆవిడ ఫోన్ ఉన్న చేతి మణికట్టుని రెండో చేత్తో పట్టుకుంది.

వార్డు గుమ్మంలో టీవీ డాక్టరు నిలబడి ఉన్నాడు. మందుల బండి గడగడలాడించుకుంటూ వస్తున్న ఆయాని చెయ్యెత్తి ఆపి, తనే ఆ బండి ముందుచక్రాలు నేలకి తగలకుండా పైకెత్తి పట్టుకుని గుమ్మం దాటించాడు. ఆయన తమ్ముడు వెనకవైపు పట్టుకున్నాడు.

గోడ సంగతులు అయిపోయాయి. రంగులాయన అలిసిపోయి కళ్ళు మూసుకున్నాడు. అన్నం, నీళ్ళు, వద్దు, సరే అని కూడా ఒక్కొక్కటి చెప్పించింది ఆవిడ. చెప్పాడు. చాలా అని అడిగాడు.

“ఒక్కసారి నన్ను పిలవండి.”

“ఇక్కడే ఉన్నావుగా, పిలవడం ఎందుకు?”

ఆవిడ ఫోన్ జానెడు దూరంలో పట్టుకుని ఉంది. ఆయన కళ్ళు తెరిచి ఆవిడ వంక చూశాడు, ఆ తర్వాత పేరు పెట్టి పిలిచాడు. పనినుంచి వచ్చి, గుమ్మంలో నిచ్చెన దించుతూ, లోపలున్న మనిషికి వినబడేలా పిలిచినట్టు కొంచెం గట్టిగానే పిలిచాడు.